వండేముందే పిడికెడు: విశ్వాసి తన సమయాన్ని సర్దుకునే విధానం

మా అమ్మ రోజూ అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి కిటికీలో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలో వేసేది. శనివారానికి డబ్బా నిండేది. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని మందిరానికి తీసుకెళ్లేది. చుట్టాలొచ్చి బియ్యం చాలని రోజున కూడా ఆ పిడికెడు తీయడం మానలేదు. "వండాక మిగిలితే ఇద్దామనుకుంటే ఏ రోజూ మిగలదే" అనేది. మిజోరం క్రైస్తవ సంఘాల్లో కూడా 1910 నుంచి పూటపూటా ఇలాగే పిడికెడు బియ్యం తీసిపెట్టి, అవి అమ్మి, ఆ డబ్బుతో సువార్త పని నడుపుతున్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

సమయం దగ్గరికొచ్చేసరికి నేను అమ్మ పద్ధతికి తలకిందులుగా నడిచాను. రోజంతా వండుకుని తినేసి, గిన్నె అడుగున అంటుకున్నది దేవునికి పెట్టాను. రాత్రి పదకొండుకి మంచం మీద బైబిల్ తెరిస్తే రెండో వచనానికే కళ్లు మూతపడేవి. నేను టీచర్ని. ఇల్లు, బడి, ఇద్దరు పిల్లలు, మంచానపడిన అత్తగారు, సంఘంలో రెండు మూడు బాధ్యతలు. "టైమ్ లేదు" అన్న మాట రోజుకి పదిసార్లు అనేదాన్ని. అది అబద్ధమేమీ కాదు. కానీ ఉన్న టైమ్ ఎటు పోతోందో నాకు తెలియదు. తెలుసుకున్నాక ఒక్కొక్కటిగా ఏం మార్చానో, అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంటికి ఏది సరిపోతుందో అది తీసుకోండి. వరుస మాత్రం మార్చకండి.

1. ముందు ఒక వారం లెక్క రాయండి

తొంభయ్యో కీర్తన మోషే ప్రార్థన. మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అని చెప్పి, వెంటనే "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడుగుతాడు. డెబ్బై ఏళ్లంటే సుమారు 25,500 రోజులు. లెక్కపెట్టడం ఇంత పెద్ద దైవజనుడికే నేర్పవలసి వచ్చిందంటే మనకి దానంతటదే రాదు.

ఒక నోటుబుక్ తీసుకోండి. సోమవారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆదివారం రాత్రి పడుకునేదాకా, అరగంటకో గీత. ఏం చేస్తే అది రాయండి, మంచీ చెడూ తూచకుండా. "5.30 పాలు, 6.00 టిఫిన్, 6.30 ఫోన్" ఇంత చాలు. రాత్రి కూర్చుని గుర్తు చేసుకుని రాస్తే కుదరదు, మనసు మనకి అనుకూలంగా సర్దేస్తుంది. పూటకోసారైనా రాయాలి.

వారానికి 168 గంటలు. నా మొదటి వారం లెక్క ఇలా తేలింది: నిద్ర 45, బడి, ప్రయాణం కలిపి 50, వంట, ఇంటిపని 24, సంఘం పనులు 13, ఫోన్ 17. మిగిలిన 19 గంటల్లో స్నానాలు, భోజనాలు, అత్తగారి పనులు, పిల్లలు. పిల్లల దగ్గర నేను కూర్చున్నది మూడున్నర గంటలు. ఒంటరిగా బైబిల్ చదివి ప్రార్థన చేసింది గంటా పది నిమిషాలు. ఫోన్‌లో 17 గంటలంటే నేను నమ్మలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే అక్కడా దాదాపు అంతే ఉంది.

ఈ లెక్క చూసి కుమిలిపోవద్దు. డాక్టరు దగ్గర బీపీ చూపించుకున్నట్టే ఇదీ. అంకె తెలియకుండా మందు వేసుకోలేం.

2. పిడికెడు ముందు తీయండి

రోజుకి 24 గంటలు కనుక దశమభాగం రెండు గంటల 24 నిమిషాలు దేవునికి ఇవ్వాలని కొందరు బోధిస్తారు. ఇవ్వగలిగినవాళ్లకి అది మంచిదే. కానీ రోజుకి పది నిమిషాలు కూడా కుదరనివాళ్లు అక్కడ మొదలుపెడితే నాలుగో రోజుకి ఆపేస్తారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది: ఆ రెండు గంటలు దేవునివి, మిగతా ఇరవై రెండూ నావి అనిపించడం. ఇరవై నాలుగూ ఆయనవే. అమ్మ డబ్బాలో వేసిన బియ్యం, మేం తిన్న బియ్యం ఒకే బస్తాలోవి.

అందుకే 25 నిమిషాలతో మొదలుపెట్టండి. రోజులో మొట్టమొదటి 25 నిమిషాలు.

ఆ సమయం పొద్దున మొదలవదు, ముందు రోజు రాత్రే మొదలవుతుంది. పడుకునేముందు నేను మూడు పనులు చేస్తాను. ఫోన్‌ని హాల్లో ఛార్జింగ్ పెట్టి గదిలోకి తీసుకురాను. అలారానికి మామూలు టేబుల్ గడియారం కొన్నాను. డైనింగ్ టేబుల్ మీద బైబిల్ని రేపు చదవాల్సిన అధ్యాయం దగ్గర తెరిచి, కళ్లజోడూ పెన్నూ దాని మీదే పెడతాను. పొద్దున లేచి ఏ పుస్తకం, ఎక్కడ ఆపాను అని వెతుక్కునే ఆ రెండు నిమిషాల్లోనే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అది నా అనుభవం.

లేవగానే మొహం కడుక్కుని కూర్చుంటాను. ఒక కీర్తన మెల్లగా పాడుకోవడం, లేదా ఊరికే మౌనంగా ఉండడం అయిదు నిమిషాలు. చదవడం పది. చదివినదాంట్లో పట్టుకున్న ఒక్క మాట నోటుబుక్‌లో రాయడం రెండు మూడు నిమిషాలు. మిగిలింది ప్రార్థన. ప్రార్థనలో రోజుకి ఇద్దరో ముగ్గురో పేర్లు మాత్రమే పెట్టుకున్నాను, వారం తిరిగేసరికి అందరూ వస్తారు. యాభై పేర్లు ఏకరువు పెడుతున్నప్పుడు నా మనసు వాటిలో ఒక్కరి మీద కూడా నిలిచేది కాదు.

ఎంత చదవాలి? బైబిల్లో 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం అయిదు చదివితే వారానికి 23, ఏడాదికి 1,196. అంటే ఏడాదిలో పూర్తవుతుంది. కానీ పది నిమిషాల్లో మూడు అధ్యాయాలు అందరికీ అవ్వవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది కొత్త నిబంధన: 260 అధ్యాయాలు, వారానికి అయిదు రోజులు, రోజుకొకటి, సరిగ్గా 52 వారాలు. తప్పిపోయిన అధ్యాయాలు శని, ఆదివారాల్లో చదువుకోవచ్చు. క్యాథలిక్ బైబిల్లో 73 పుస్తకాలు ఉంటాయి కనుక పాత నిబంధన లెక్క వాళ్లకి వేరే, కొత్త నిబంధనకి మాత్రం ఇదే.

నైట్ డ్యూటీ చేసే నర్సులకి, షిఫ్టుల్లో ఉండేవాళ్లకి ఒక మాట. మీ పొద్దు మధ్యాహ్నం రెండింటికి మొదలైతే మీ మొదటి 25 నిమిషాలూ అప్పుడే. వేకువ నాలుగింటికి లేవలేకపోతున్నానని మీరు దోషిలా తలదించుకోవాల్సిన పనిలేదు. చంటిపిల్లల తల్లులకి ఆ 25 నిమిషాలు కూడా ముక్కలే అవుతాయి. దానియేలు రోజుకి మూడుసార్లు మోకాళ్లూనాడు. మీరు మూడు ఎనిమిది నిమిషాలు చేసుకోండి. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు కుక్కర్ పెట్టి మూడు విజిల్స్ వచ్చేదాకా స్టవ్ దగ్గరే నిలబడి ప్రార్థన చేసేదాన్ని.

3. శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు

మన ఇళ్లలో గోడకి సంఘం వాళ్లిచ్చిన వాక్యం క్యాలెండరు ఎలాగూ ఉంటుంది. దాన్ని దింపి టేబుల్ మీద పెట్టండి. భార్యాభర్తలిద్దరూ, పెద్దపిల్లలుంటే వాళ్లూ కూర్చోండి. హాస్టల్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఒక కప్పు టీతో కూర్చోండి.

ముందుగా ఎటూ జరపలేనివి రాయండి: ఉద్యోగం, బడి, ఆరాధన. తర్వాత మనుషులు: ఎవరి పుట్టినరోజు, ఎవరికి ఆసుపత్రి, అత్తగారి మందులు ఎప్పుడు అయిపోతాయి. ఆ తర్వాతే పనులు. వారానికి మూడు పెద్ద పనులు మించి రాయను. మూడూ అయితే నాలుగోది ఎలాగూ దొరుకుతుంది. పదకొండు రాసుకుని నాలుగు చేస్తే ఏడింటి బరువు వచ్చే వారం మీద పడుతుంది.

చివరిగా రెండు సాయంత్రాలు ఖాళీగా వదిలేయండి. మా ఇంట్లో మంగళ, గురువారాలు. ఈ ఖాళీ చాలామందికి సోమరితనంలా కనిపిస్తుంది కనుక కాస్త వివరంగా చెబుతాను.

రేపు ఫలానా పట్టణానికి వెళ్తాం, ఏడాది ఉండి వ్యాపారం చేసి లాభం సంపాదిస్తాం అన్నవాళ్లని యాకోబు పత్రిక మందలిస్తుంది. వాళ్లు ప్లాన్ వేసుకోవడం తప్పని అక్కడ లేదు. "ప్రభువు చిత్తమైతే" అనే మాటకి వాళ్ల ప్లాన్‌లో చోటు లేదు, అదే తప్పు. ఆ మాట నోటితో అనడం మనకి అలవాటే. క్యాలెండరులో దానికి చోటు పెట్టడమే అలవాటు లేదు. నిండా కుక్కిన వారంలో దేవుడు ఎవరినైనా మన గుమ్మం ముందుకి పంపితే వాళ్లు మనకి అడ్డుగా కనిపిస్తారు.

మార్కు సువార్త అయిదో అధ్యాయం చూడండి. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. పన్నెండేళ్ల పిల్ల. యేసు బయల్దేరాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది. స్వస్థత అప్పటికే అయిపోయింది, ఆయన ఆగకుండా సాగిపోవచ్చు. ఆగాడు. ఎవరు ముట్టుకున్నారని చుట్టూ చూశాడు, ఆమె సంగతంతా చెప్పేదాకా విన్నాడు, "కుమారీ" అని పిలిచాడు. ఈలోగా యాయీరు ఇంటినుంచి పిల్ల చనిపోయిందని కబురొచ్చింది. అయినా ఆయన వెళ్లాడు, పిల్ల లేచింది. పక్కన నిలబడిన ఆ తండ్రి ఆ కొద్ది నిమిషాలు ఎలా గడిపాడో అని చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

అలాగని వచ్చిన ప్రతిదానికీ ఆగితే రోజు చీలికలైపోతుంది. నేను పెట్టుకున్న కొలత ఒకటే: మనిషి వస్తే ఆగుతాను, మెసేజ్ వస్తే ఆగను. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడితే పేపర్లు దిద్దడం పక్కన పెడతాను. వాట్సాప్ టింగుమంటే పెట్టను.

4. సంఘం పనికి కూడా కొలత ఉండాలి

ఇది రాయడానికి వెనకాడాను. కానీ సమయం గురించి విశ్వాసులకి చెప్పాల్సినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం. టీవీ చూడటం మానేయమని అందరూ చెబుతారు. మందిరం పనిని ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు.

ఒక డిసెంబరులో నేను పిల్లల నాటిక నేర్పిస్తున్నాను, క్వయిర్‌లో పాడుతున్నాను, స్త్రీల సమాజం లెక్కలు చూస్తున్నాను. సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకి ముందే జరుపుకునే క్రిస్మస్ కూటాలు, మొదలయ్యాక దాదాపు ప్రతి సాయంత్రం బయటే. ఎవరూ బలవంతపెట్టలేదు, అన్నిటికీ "సరేనండి" అన్నది నేనే. ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి లెక్కల పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతోంది. పక్కన ప్లేటులో సగం కొరికిన బ్రెడ్డు ముక్క. పుస్తకం మెల్లగా లాగి చూశాను. ఒక లెక్క పక్కన పెన్సిల్‌తో "అమ్మని అడగాలి" అని రాసుకుంది. కింద ఇంకో మూడు లెక్కల దగ్గర "అమ్మ" అని మాత్రమే ఉంది. పొద్దున్నే దానికి పరీక్ష.

ఆ రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎన్నోసార్లు చదివిన నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం అప్పుడు వేరేగా వినిపించింది. మోషే పొద్దుట్నుంచి సాయంత్రందాకా ప్రజల తగవులు తీరుస్తున్నాడు. అది దేవుని పనే. మామగారు యిత్రో చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు, నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారని చెప్పాడు. పని పవిత్రమైనదే, ఒక్కడే మోయడం మంచిది కాదు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒకరిని నియమించమన్నాడు. యెరూషలేము సంఘంలో భోజనాల పంపిణీ గురించి సణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు ఆ పని ఏడుగురికి అప్పగించారు.

మీరు చేయాల్సింది ఇది. సంఘంలో మీకున్న బాధ్యతలన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కనా "ఇది నేను మానేస్తే ఎవరు చేస్తారు?" అని రాయండి. ఎవరో ఒకరి పేరు తట్టిందా, వాళ్లకి ఆ అవకాశం మీరు అడ్డుకుంటున్నారేమో ఆలోచించండి. ఒకటి, మహా అయితే రెండు ఉంచుకోండి.

వదిలేసేటప్పుడు చాటుగా తప్పుకోవద్దు, కబురు పంపొద్దు. అయ్యగారి (పాస్టరుగారి) దగ్గరికి వెళ్లి ముఖాముఖి చెప్పండి, సీజను మొదలవ్వడానికి రెండు నెలల ముందే. నేను చెప్పింది ఇదీ: "అయ్యగారూ, ఈ ఏడు పిల్లల నాటిక నేను చేస్తానండి. స్త్రీల సమాజం లెక్కలు మాత్రం ఇంకెవరికైనా అప్పగించండి, వాళ్లకి నెలరోజులు పక్కన కూర్చుని నేర్పిస్తాను. అన్నీ పెట్టుకుంటే మా పిల్లలకి అన్యాయం జరుగుతోందండి." చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆయన విని, ప్రార్థన చేసి పంపించారు. ఎవరైనా నొచ్చుకున్నా మీరు కంగారుపడొద్దు. కపెర్నహూములో పట్టణమంతా యేసు ఉన్న ఇంటి గుమ్మం ముందు చేరింది. తెల్లవారుజామున చీకటి ఉండగానే ఆయన ప్రార్థనకి వెళ్తే శిష్యులు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం చూస్తున్నారన్నారు. ఆయన వెనక్కి వెళ్లలేదు, పక్క ఊళ్లకి వెళ్దాం పదండి అన్నాడు. ఆ ప్రార్థన ముందుండబట్టే ఆ "కాదు" చెప్పగలిగాడని నేననుకుంటాను.

ఇంకోవైపు కూడా నిజముంది. ఏళ్లుగా సంఘంలో కుర్చీ కూడా సర్దనివాళ్లు ఈ భాగం చూపించి తప్పించుకోకూడదు. మీ కాగితం ఖాళీగా ఉంటే మీరు వెళ్లి ఒక పని అడగాలి.

5. ఆదివారం అలసిపోకుండా

అరణ్యంలో ఇశ్రాయేలీయులకి ఆకాశం నుంచి ఆహారంగా మన్నా కురిసిన రోజుల్లో ఆరో రోజున రెండంతలు ఏరుకోమన్నాడు దేవుడు. విశ్రాంతి దినం ముందు రోజే సిద్ధమవుతుంది. శనివారం మధ్యాహ్నమే ఆదివారం కూరకి మసాలా నూరి ఫ్రిజ్‌లో పెడతాను, బట్టలు ఇస్త్రీ అవుతాయి, కానుక కవరు బైబిల్లో ఉంటుంది. ఇదివరకు ఆదివారం పొద్దున మా ఇంట్లో వినిపించినన్ని అరుపులు వారమంతా వినిపించేవి కావు. అరుచుకుంటూ వెళ్లి ఆరాధనలో కూర్చునేవాళ్లం.

మధ్యాహ్నం భోజనం అయ్యాక గంటసేపు పడుకుంటాం. సాయంత్రం నడిచి వెళ్లి ఒకరిని పలకరిస్తాం. అంతే. పేపర్లు దిద్దను.

ఆదివారం డ్యూటీ తప్పనివాళ్లు వారంలో మరో పూట గట్టిగా పట్టుకోండి. కువైట్‌లో మన తెలుగు సంఘాలు సెలవు శుక్రవారం కనుక ఆ రోజే ఆరాధన చేసుకుంటాయి. రోజు మారినా అందరూ కలుసుకోవడం మానలేదు.

6. ఫోన్

ఎఫెసీ పత్రికలో "సమయమును పోనియ్యక" అని మనం చదివే చోట మూల గ్రీకు మాటకి సంతలో కొనుక్కోవడం అని అర్థం. కొనాలంటే ఏదో ఒకటి చెల్లించాలి. నేను చెల్లించింది ఫోనే.

భక్తి ముసుగులో పోయే సమయం ఇందులోనే ఎక్కువ. పొద్దున్నే పదిహేను గ్రూపులకి వాగ్దాన వచనం పంపడం, ఒక ప్రసంగం వింటూ వింటూ ఇంకో నాలుగు వీడియోల్లోకి జారిపోవడం. వచనం ముందు నేను చదివి, దాని మీద ప్రార్థించాక, అది అవసరమైన ఒక్క మనిషికి పంపడం మొదలుపెట్టాను, పేరు పెట్టి. ఆ ఒక్కరూ తిరిగి ఫోన్ చేసి మాట్లాడతారు. గ్రూపు నోటిఫికేషన్లు ఆపేసి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి చూస్తాను. పని వేళల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ప్రసంగాలు వినడం కూడా మానండి. జీతం తీసుకునే ఆ గంటల్లో మనం చేసే పనే ప్రభువు నిమిత్తం చేసే పని.

7. నిద్ర, కుటుంబ ప్రార్థన

పెందలాడే లేవాలంటే పెందలాడే పడుకోవాలి, ఇందులో వేరే కిటుకు లేదు. ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. మా ఇంట్లో పదింటికి లైట్లు ఆగిపోతాయి.

కుటుంబ ప్రార్థన ఎనిమిదిన్నరకి, భోజనానికి ముందే పెట్టుకోండి. తిన్నాక పెడితే పిల్లలు తూగుతారు. పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి: ఒక పాట, పది వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం ప్రార్థన. అత్తగారి గదిలోనే కూర్చుంటాం, ఆవిడ ఎప్పటివో పాత పాటలు ఎత్తుకుంటారు.

8. చెడిపోయిన వారం

చెడిపోతుంది. జ్వరాలొస్తాయి, పెళ్లిళ్లొస్తాయి, ఎన్నికల డ్యూటీ పడుతుంది. తప్పిన అధ్యాయాలన్నీ ఒకేసారి చదివేయాలని చూడకండి, ఈరోజు తేదీ దగ్గర మొదలుపెట్టండి. వరుసగా మూడు వారాలు చెడిపోతే మాత్రం మీ తప్పు కాదు, మీ పట్టికలో ఏదో ఎక్కువైంది. మళ్లీ ఒక వారం లెక్క రాయండి.

నేను ఆ లెక్క ఏడాదికి మూడుసార్లు రాస్తాను: శ్రమకాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజులు), బడి తెరిచిన జూన్‌లో, అక్టోబరులో. మూడు వారాల పేజీలూ ఒకే నోటుబుక్‌లో ఉంటాయి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకి బయల్దేరేముందు మా వారూ నేనూ దాన్ని తెరిచి పక్కపక్కన చూసుకుంటాం. కిందటేడు అక్టోబరు పేజీలో ఫోన్ 6 గంటలు, పిల్లల దగ్గర 9. నిద్ర ఇంకా 47 దగ్గరే ఉంది, ఈ ఏడు అది చూడాలి.